న్యూ సెటిల్‌మెంట్‌లో పాటల కంపెనీ

మా నాన్న బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు ఫిట్టరుగా పనిచేశాడు. ఆ ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటాడు. పాటల కంపెనీ గురించి అడిగితే మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటాడు. ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డాడు, చెవులు బాగా మందగించాయి. అయినా ఆ సంగతి వస్తే చాలు, గొంతు పెరుగుతుంది.

కంపెనీ అన్నది కాలనీవాళ్లు పెట్టిన పేరు. న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వేవాళ్లు మాకిచ్చిన రెండు గదుల క్వార్టరులో ముందు గది, అందులో ఒక టేప్ రికార్డరు, కేసెట్ నుంచి కేసెట్‌కి కాపీ చేసే డబుల్ డెక్కు, ఒక ఇనప బీరువా, గోడ వారగా హార్మోనియం. మొత్తం కంపెనీ అదే. లేబుల్‌కి నాన్న వాళ్లమ్మ పేరు పెట్టాడు. ఆవిడ శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి తాతయ్య వెంట ఇక్కడికి వచ్చింది. మళ్లీ సొంతూరు చూడకుండానే పోయింది. మనిషి ఎలాగూ వెళ్లలేదు, పేరైనా ఆ ఊరు వెళ్లాలని నాన్న ఆశపడ్డాడు. నిజంగానే వెళ్లింది. పలాస బజారులో, టెక్కలి బస్టాండులో మా కేసెట్లు వేలాడదీసి అమ్మిన రోజులు నేను కళ్లారా చూశాను.

ఇన్నేళ్లలో మా లేబుల్ మీద అరవై మూడు కేసెట్లు, పదకొండు పాటల పుస్తకాలు వచ్చాయి. ఒక ఫిట్టరు, అతని భార్య, ఒక బడిపంతులమ్మ కలిసి చేసిన పని అది. ఆ బడిపంతులమ్మని నేను.

ఇదంతా మా మేనత్త పెళ్లితో మొదలైంది. అప్పుడు నాకు ఏడేళ్లు. నాన్న గుడిలో భజన గుంపుకి హార్మోనియం వాయించేవాడు. తన వేళ్లు ఎక్కడ తప్పుతున్నాయో తనే వినాలని ఓవర్‌టైములు చేసి ఒక టేప్ రికార్డరు కొన్నాడు. పెళ్లినాడు సన్నాయి రికార్డు చేద్దామని దాన్ని షామియానా కింద కుర్చీ మీద పెట్టాడు. సన్నాయి అయిపోయింది. అప్పగింతలు మొదలయ్యాయి. చెల్లెలి పెళ్లి హడావిడిలో టేపు ఆపడం మరిచిపోయాడు.

అప్పగింతల పాట పాడింది పాటల మామ్మ. కాలనీలో అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్లు. భర్త రైలు పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్, చిన్నవయసులోనే పోయాడు. ఆమె పెళ్లిళ్లకి పిండివంటలు చేసి బతికేది. అరిసెలు వత్తుతూ పాడేది, బూరెలు వేయిస్తూ పాడేది. చదువు లేదు. పల్లెలో తల్లి దగ్గర నేర్చుకున్న పాటలకి ఇక్కడి మాటలు చేర్చి సొంతంగా కట్టేది. పల్లెలో పెళ్లికూతురు ఏరు దాటి వెళ్తుంది. ఇక్కడ పెళ్లికూతురు పట్టాలు దాటి అవతలి పేట ఖరిదా వెళ్తుంది. అందుకని ఆమె పాటలో ఏరు పోయి పట్టాలు వచ్చాయి.

"ఎల్తానని అనకమ్మా సిట్టితల్లీ,
ఆసి అని సెప్పి కదలవే.
పట్టాలు దాటితే అత్తోరిల్లు,
పచ్చజెండా ఊపినాడు మీ అయ్య."

ఇందులో ఆసి అన్నది బెంగాలీ మాట. బెంగాలీవాళ్లు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు వెళ్తున్నాను అనరు, అశుభం అని. వస్తాను అనే అర్థంలో "ఆసి" అంటారు. మనం వెళ్లొస్తాను అన్నట్టే. పాటల మామ్మకి పక్కింటి బెంగాలీ ఆడవాళ్ల నోట విన్న ఆ మాట నచ్చింది. తెలుగు పాటలో పెట్టేసింది. ఆ రోజు షామియానా కింద మా మేనత్త ఏడవడం, నాన్న తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకోవడం, ఆ నాలుగు ముక్కలు ఆమె మళ్లీ మళ్లీ పాడడం నాకు గుర్తున్నాయి. టేపు తిరుగుతూనే ఉందని ఎవరికీ తెలియదు.

వారం తర్వాత నాన్న అది విని, అమ్మని పిలిచి వినిపించాడు. మేనత్త తనకో కాపీ కావాలంది. ఆమె అత్తగారు తన అక్కకి కావాలంది. నెల తిరక్కుండా నాన్న ఇరవై కాపీలు చేయాల్సివచ్చింది. అప్పుడే ఆయనకి అనిపించిందట, ఈవిడ పాటలన్నీ కేసెట్టుగా తేవాలని. మామ్మని బతిమాలి నాలుగు ఆదివారాలు ముందు గదిలో కూర్చోబెట్టి పెళ్లి పాటలన్నీ రికార్డు చేశాడు.

ఆ ఆదివారాలు మా ఇంట్లో ఒక పండగలా ఉండేవి. కిటికీలకి బొంతలు కట్టేవాళ్లం. ఫ్యాను ఆపేసేవాళ్లం. అమ్మ వంట పొద్దున్నే ముగించేది. పక్కింట్లో బెంగాలీ దీదీ కుట్టుమిషను ఆపి, తనూ వచ్చి గుమ్మం దగ్గర చప్పుడు చేయకుండా కూర్చునేది. ఆపలేనివి రైళ్లు మాత్రమే. నాన్న దగ్గర ఒక కాగితం ఉండేది, ఏ బండి ఎప్పుడు వెళ్తుందో రాసుకున్నది. గూడ్సు బండ్లకి వేళాపాళా ఉండదు కాబట్టి వాటిని దేవుడికి వదిలేసేవాడు. పాట సగంలో గూడ్సు వస్తే మామ్మ కళ్లు మూసుకుని అలాగే కూర్చుని, ఆఖరి డబ్బా వెళ్లాక, ఆపిన మాట దగ్గర్నించే అందుకునేది.

మొదటి కేసెట్టు వచ్చింది. మీద అట్ట ఖరిదాలో అచ్చువేయించాడు నాన్న. సెటిల్‌మెంట్ పెళ్లి పాటలు అని పెద్ద అక్షరాలు, కింద మా లేబుల్ పేరు, దాని కింద సమర్పణ అని తన పేరు. ఒకటి తీసుకెళ్లి మామ్మ చేతిలో పెట్టాడు. నేను కూడా వెంట ఉన్నాను. ఆమె అరిసెల పిండి అంటిన చేతులు కొంగుకి తుడుచుకుని కేసెట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. మీద ఏమని రాసుందో చదవమంది. నాన్న చదివాడు.

"ఇందులోన ఉన్నది నా గొంతేనా బాబూ?" అంది.

నీదే మామ్మా అన్నాడు నాన్న.

"మరి పైన నానెక్కడున్నాను?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది. నాన్న ఇంటికి వచ్చి సైకిలు తీసి బయల్దేరాడు. అప్పటికే కేసెట్టు కొన్న ఇళ్లన్నీ తిరిగి ఒక్కొక్కటీ వెనక్కి అడిగి తెచ్చాడు. కొందరు నవ్వారు, కొందరు విసుక్కున్నారు. అమ్మ చిన్న కాగితం ముక్కల మీద పాటల మామ్మ అసలు పేరు, ఇంటిపేరుతో సహా, గుండ్రటి అక్షరాలతో రాసింది. పాట కట్టినది, పాడినది అని రెండు వరుసలు. మైదా జిగురుతో ఆ ముక్కల్ని సమర్పణ అన్న చోట, నాన్న పేరు మీద అంటించాం. ఆ పని నేనూ చేశాను, అందుకే నాకిది బాగా గుర్తు. రెండో కేసెట్టు నుంచి మా అట్టల మీద పాడినవాళ్ల పేరు పెద్దగా, లేబుల్ పేరు చిన్నగా ఉంటూ వచ్చింది. నాన్న పేరు మళ్లీ ఏ అట్ట మీదా రాలేదు.

పుస్తకాల ఆలోచన అమ్మది. అమ్మ ఎనిమిదో తరగతి దాకా చదివింది, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. కేసెట్టు వింటూ పాటలు రాసి ఉంచేది. వాటిని మొదట తెలుగులోనే పుస్తకంగా వేశాం. అయితే కాలనీలో చాలామంది పిల్లలు బెంగాలీ బడికో హిందీ బడికో పోతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఆడపిల్లలకి పాటలు నేర్చుకోవాలని ఉన్నా పుస్తకం ఇస్తే తెల్లమొహం వేస్తున్నారని అమ్మకి బాధ. ఒకరోజు నాన్నతో అంది, తెలుగు పాటల్ని బెంగాలీ అక్షరాల్లో అచ్చు వేయిద్దామని.

ఖరిదాలో ఒక చిన్న ప్రెస్సు ఉండేది. దాని యజమాని బెంగాలీ ఆయన, సీసం అక్షరాలు తనే చేత్తో పేర్చేవాడు. నాన్న ఆయన్ని అన్నా అనే అర్థంలో దాదా అనేవాడు. ఆయన అమ్మని బౌదీ, అంటే వదినా అని పిలిచేవాడు. సంగతి విని మొదట తల అడ్డంగా ఊపాడు. తనకి అర్థంకాని భాషని తన అక్షరాల్లో ఎలా పేర్చాలి? అమ్మ ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఒక్కొక్క మాటా పలికింది, ఆయన విని పేర్చాడు. వకారం దగ్గర పెద్ద గొడవైంది. బెంగాలీలో ఆ అక్షరం లేదు. మొదటి ప్రూఫులో వదిన కాస్తా బదిన అయింది, వాకిలి బాకిలి అయింది. అమ్మ నవ్వాపుకోలేక, "నన్ను బౌదీ అంతన్నావు, మా వదినని బదిన సేసేసినావు దాదా" అంది. ఇద్దరూ కూర్చుని రెండు అక్షరాలు కలిపి ఒక వకారం తయారుచేసుకున్నారు. పెళ్లి అన్న మాటలోని ళ కూడా బెంగాలీలో లేదు. లకారం కింద ఒక చుక్క పెడితే ళ అని అమ్మ నిర్ణయించింది. అలాంటి అక్షరం ప్రెస్సులో ఎక్కడుంటుంది? ఐదు వందల పుస్తకాలు అచ్చయి వచ్చాక, అమ్మ వరండాలో చాప వేసుకుని, ప్రతి పుస్తకంలో ప్రతి ళ కింద నల్ల సిరా పెన్నుతో చుక్క పెట్టింది. నెలన్నర పట్టింది. ఈ పుస్తకాలు ఇంకా కొన్ని ఇళ్లల్లో ఉన్నాయి. చుక్కలు చెదరలేదు.

ప్రెస్సు దాదా ఆ పుస్తకం పేర్చినన్నాళ్లూ పాటలు విని విని నేర్చేసుకున్నాడు. తన కూతురి పెళ్లికి పాటల మామ్మని పిలిపించి పాడించుకున్నాడు. బెంగాలీ పెళ్లిలో తెలుగు అప్పగింతల పాట. ఆసి అన్న చోట వాళ్ల ఆడవాళ్లందరూ ఒక్కసారి తలెత్తి చూసి, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ తర్వాత రెండేళ్లకి మామ్మ పోయింది. మా దగ్గర ఆమెవి నాలుగు కేసెట్లు మిగిలాయి.

నేను కంపెనీలోకి వచ్చిన సంగతి చెప్పాలి. అది అంత సంతోషంగా జరగలేదు.

నాన్న పనిచేసిన చోట రోజంతా సమ్మెటల మోత. చెవులు మెల్లగా పాడవుతున్నాయని ఆయన గమనించలేదు, మేమూ గమనించలేదు. నేను కాలేజీ ముగించి బడిలో కొత్తగా చేరిన రోజులు. అప్పుడు నాన్న జముకు వాయిద్యం మోగిస్తూ జముకుల కథ పాడి చెప్పే ఒక బృందాన్ని ఇచ్ఛాపురం నుంచి పిలిపించి మూడు కేసెట్ల కథ రికార్డు చేశాడు. ఎంతో ఖర్చుపెట్టుకుని చేసిన పని. కాపీలు అన్నీ అయ్యాక ఒకటి పెట్టి విన్నాను. పాట వెనక మొదటి నుంచి చివరి దాకా సన్నగా గూయ్ మని ఒక చప్పుడు. మైకు తీగ ఎక్కడో వదులై ఉంటుంది. నాన్న ఎదురుగా కూర్చుని తృప్తిగా తలాడిస్తున్నాడు. ఆయనకి అది వినిపించడం లేదు.

అమ్మ నా వైపు చూసింది. ఆమెకి ముందే తెలుసు. వంటగదిలోకి పిలిచి, "నాను సెప్పలేను, నువ్వే సెప్పు" అంది. నాకూ ధైర్యం చాలలేదు. రెండు రోజులు ఆగాను. మూడో రోజు సాయంత్రం కేసెట్లు ప్యాకింగు చేస్తున్నాడు. చెప్పేశాను. చప్పుడు ఉంది నాన్నా, నీకు వినిపించడం లేదు అన్నాను. ఆయన టేపు పెట్టి చెవి స్పీకరుకి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత లేచి టేపు ఆపాడు.

"ఇక మీదట నువ్వు ఇని సెప్పు. నాను మీట నొక్కుతాను" అన్నాడు.

ఆ బృందాన్ని మళ్లీ పిలిపించాడు. రానూపోనూ ఖర్చులిచ్చి, మనదే తప్పని చెప్పి, కథ మొత్తం తిరిగి చెప్పించాడు. ఈసారి హెడ్‌ఫోన్లు నా చెవులకి ఉన్నాయి. ఎక్కడైనా తేడా వినిపిస్తే చెయ్యెత్తేదాన్ని, నాన్న ఆపేవాడు. కూతురు చెయ్యెత్తితే ఆగిపోవాల్సివచ్చినందుకు ఆయన చిన్నబుచ్చుకున్నది నేనెప్పుడూ చూడలేదు. ఆ జముకుల కథ మా కేసెట్లలోకెల్లా బాగా వచ్చింది.

తర్వాత కాలం మారింది. కేసెట్లు పోయి సీడీలు వచ్చాయి, అవీ పోయి ఫోన్లలో పాటలు వచ్చాయి. కొనేవాళ్లు లేరు. నాన్న రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి ఖరిదాలో చిన్న ఇల్లు కొనుక్కుని వెళ్లాం. బీరువాలో ఉన్న అసలు టేపులకి రెండు వానాకాలాల తేమ తగిలి కొన్నిటి మీద తెల్లగా బూజు పట్టింది. అది చూసిన రోజు నాన్న అన్నం సరిగా తినలేదు. అన్నీ ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడు ఒకసారి. ఇవ్వడానికి ఎవరున్నారని అమ్మ అడిగింది.

నేను మాత్రం వదల్లేకపోయాను. ప్రేమ్ బజార్‌లో పాత రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే ముసలాయన ఒకరు ఇంకా కొట్టు తెరిచి ఉంచాడు. ఆయన దగ్గర డెక్కు బాగుచేయించుకున్నాను. టేపు మీద బూజు ఎలా తుడవాలో, ఎంత నెమ్మదిగా తిప్పాలో ఆయనే నేర్పాడు. బడి వదిలాక రోజుకో టేపు. మెత్తటి గుడ్డతో అంగుళం అంగుళం తుడిచి, డెక్కులో పెట్టి, కంప్యూటర్‌లోకి ఎక్కించేదాన్ని. రెండేళ్లు పట్టింది. అరవై మూడింటిలో రెండు మాత్రం దక్కలేదు. మిగతావన్నీ బతికాయి. వాటిని ఒక్కొక్కటిగా ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టాను. ఎక్కడెక్కడి నుంచో జనం రాశారు, మా అమ్మ ఈ పాట పాడేది, మా పెళ్లిలో ఇది విన్నాం అని. అవన్నీ నాన్నకి గట్టిగా చదివి వినిపించేదాన్ని.

పాటల మామ్మ అప్పగింతల పాట పెట్టిన మర్నాడు ఆ పాటలు పెట్టే సైటువాళ్ల నుంచి ఒక మెయిలు వచ్చింది. ఈ పాట వేరే కంపెనీ సొత్తు, మీరు పెట్టకూడదు, తీసేశాం అని. మొదట నాకు అర్థం కాలేదు. ఆ కంపెనీ పాట వెతికి విన్నాను. ఎక్కడో పెద్ద ఊళ్లో ఉన్న మ్యూజిక్ కంపెనీ. డప్పుల మోత, కీబోర్డు, మధ్యలో ఎవరో అమ్మాయి పాట. మొదట్లోనూ చివర్లోనూ మాత్రం మా మామ్మ గొంతు. మా ముందు గదిలో, బొంతలు కట్టిన కిటికీల మధ్య పాడిన గొంతే. పాత కేసెట్టు ఎక్కడో సంపాదించి ఉంటారు. రచన అని ఎవరిదో పేరు రాసుకున్నారు.

నాన్నకి చెప్పక తప్పలేదు. ఆయన ఫోను చేతిలోకి తీసుకుని చూశాడు, వినిపించదు కదా. "అంటే మనమే దొంగిలించినామంతన్నారా?" అన్నాడు. అవును, వాళ్ల లెక్కలో మనమే దొంగలం అన్నాను. ఆయన మొహం చూసి, ఆ మాట అనకుండా ఉండాల్సింది అనుకున్నాను.

అమ్మ అప్పటికే లేచి బీరువా తెరిచింది. మొదటి పాటల పుస్తకం తెలుగుదొకటి, బెంగాలీ అక్షరాలదొకటి తీసి నా ముందు పెట్టింది. "తప్పు రాసినోడికి తప్పు సూపించాలి. ఊరికే కూకుంటే ఏటవుద్ది?" అంది.

రాశాను. ఆ కంపెనీ నుంచి జవాబు రాలేదు. మళ్లీ రాశాను. ఇది జానపదం, అందరిదీ, ఎవరైనా వాడుకోవచ్చు అని రెండు వాక్యాల జవాబొచ్చింది. అందరిదీ అయితే మాది ఎందుకు తీయించారని అడిగితే మళ్లీ మౌనం. ఎలాగోలా వాళ్ల ఆఫీసు నంబరు పట్టుకున్నాను. వారంలో నాలుగుసార్లు చేస్తే ఒక పెద్దమనిషి దొరికాడు. మర్యాదగానే మాట్లాడాడు. పాట తమ రచయిత రాసిందేనన్నాడు.

నేను అడిగాను. "మీరు పెట్టిన పాట కింద రెండో వరుసలో, ఆశ అని చెప్పి కదలవే అని రాశారు. దానికి అర్థం ఏమిటండీ?"

"జానపదం కదా మేడమ్, అర్థాలు అలాగే ఉంటాయి" అన్నాడు.

"అది ఆశ కాదండీ, ఆసి. బెంగాలీ మాట. వెళ్లొస్తాను అని దానర్థం. పాట కట్టినావిడ ఖరగ్‌పూర్‌లో బతికింది కాబట్టి ఆ మాట వచ్చింది. మీ రచయితకి బెంగాలీ వచ్చా?"

మా దగ్గర అప్పట్లో అచ్చయిన పుస్తకం ఉందని చెప్పాను. ఆయన దాని ఫోటోలు పంపించమన్నాడు. పుస్తకం అట్ట, మామ్మ పేరున్న పేజీ, ప్రెస్సు పేరు, అచ్చయిన సంవత్సరం, జిగురుతో అంటించిన కాగితంతో మొదటి కేసెట్టు, అసలు టేపులో ఆ పాట ముందూ వెనకా మామ్మ నాన్నతో మాట్లాడిన మాటలు, అన్నీ పంపించాను. నాలుగు నెలలు గడిచాయి. ఈలోగా వాళ్ల వైపు నుంచి ఇంకో మాట వచ్చింది, మీ పాటలన్నీ మాకు రాసిచ్చేయండి, మంచి ధర ఇస్తామని. నాన్నని అడిగాను. పాడినవాళ్లని అడక్కుండా ఇవ్వడానికి మనమెవరం అన్నాడు. అదే వాళ్లకి రాశాను.

చివరికి ఒకరోజు బడిలో ఉండగా ఫోనుకి మెయిలు వచ్చింది. అభ్యంతరం వెనక్కి తీసుకున్నారు. మా పాట మళ్లీ వచ్చింది. వాళ్ల పాట కింద రచన, గానం అని పాటల మామ్మ పేరు, ప్రచురణ అని మా లేబుల్ పేరు పెట్టారు. రాబడిలో భాగం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. స్టాఫ్ రూములో ఎవరూ లేరు, ఒక్కదాన్నే కూర్చుని రెండుసార్లు చదువుకున్నాను. తర్వాత పిల్లలకి లెక్కలు చెప్పడానికి వెళ్లాను. ఆ పూట నేను చెప్పిన లెక్క ఒక్కటీ తప్పు పోలేదని గుర్తు.

సాయంత్రం నాన్నని, అమ్మని రిక్షాలో ఎక్కించుకుని పాటల మామ్మ కూతురి ఇంటికి వెళ్లాం. ఆమెను నేను అత్తా అంటాను. ఖరిదాలోనే ఉంటుంది, డెబ్బై దాటింది. బెంగాలీ బడిలో చదువుకుంది, తెలుగు చదవడం రాదు. అందుకని ఆమె మనవరాలి చేత ఫోనులో పేరు చదివించాను. అత్త మళ్లీ చదవమంది. మూడోసారి తనే వేలు పెట్టి తెర మీద తడిమింది.

"రేషన్ కార్డులోన, మీ అయ్య పుస్తకంలోన తప్ప మా అమ్మ పేరు ఇంకెక్కడా సూడలేదు నాను" అంది.

రాబడి సంగతి చెబితే, అది మీరే ఉంచుకోండి అంది. నాన్న ఒప్పుకోలేదు. మీ అమ్మది మీ అమ్మదే అన్నాడు. ఆ సాయంత్రం నాన్న వాళ్లింట్లో మూడు కప్పుల టీ తాగాడు. ఇంటికి వచ్చేదాకా రిక్షాలో పాడుతూనే ఉన్నాడు. శ్రుతి ఎక్కడెక్కడికో పోతోంది, ఆయనకి తెలియదు. అమ్మ ఆపలేదు. రిక్షావాడు ఒకసారి వెనక్కి తిరిగి చూసి నవ్వాడు.

ఆ కబురు కాలనీ అంతా పాకింది. జనం మళ్లీ మా ఇంటికి పాటలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. కిందటి శీతాకాలం ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. ముగ్గురూ వర్క్‌షాపులోనే పని, ఒకామె వెల్డరు, ఇద్దరు ఫిట్టర్లు. నాన్న కాలంలో అక్కడ ఆడవాళ్లు ఆ పనుల్లో లేరు. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తినేటప్పుడు కట్టుకున్న పాట ఒకటుందన్నారు. సగం తెలుగు, కొంత హిందీ, కొంత బెంగాలీ. రైలు పెట్టెకి తాము చక్రాలు బిగిస్తే అది తాము చూడని ఊళ్లన్నీ చూసి వస్తుందని ఆ పాట. డోలక్కు బదులు స్టీలు డబ్బా మూత మీద వాయించారు. మూడుసార్లు పాడించుకున్నాను. రెండోసారిది బాగా వచ్చింది. అమ్మ మాటలు రాసుకుంది. నాన్న ముగ్గురి మొహాలు చూస్తూ కూర్చున్నాడు. దాన్ని మా అరవై నాలుగోదిగా ఇంటర్నెట్‌లో పెట్టాను.

మొన్నొక రోజు పొద్దున్న వర్క్‌షాపు గేటు వైపు పనుండి వెళ్లాను. టీ కొట్టు దగ్గర ఫోనులోంచి ఆ ముగ్గురి పాట వినిపించింది. కొట్టు అతను బెంగాలీ, నేనెవరో అతనికి తెలియదు. షిఫ్టుకి వెళ్లేవాళ్లు గ్లాసులు పట్టుకుని నిలబడి వింటున్నారు. ఏం పాట దాదా అని అడిగాను.

"ఇది మా వర్క్‌షాపు పాట దీదీ, మా దీదీలే పాడారు" అన్నాడు బెంగాలీలో, తనే పాడినంత గొప్పగా.

బడికి ఆలస్యమవుతోంది. అయినా ఒక టీ చెప్పి, పాట అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.